బెదిరింపులున్నాయని ముందే తెలిసినా ఎందుకు కాపాడలేకపోతున్నారు?

సాయంత్రం_సుధ
ఎక్కడైనా భూమి కోసం నిలబడ్డ ఆదివాసీని చంపేశారని వార్త వస్తే మా ఆఫీసులో ఒకటే మాట: "ఇచ్చిన పరిహారం తీసుకుని పక్కకు తప్పుకుంటే ప్రాణం దక్కేది కదా." చచ్చిపోయినవాళ్లదే తప్పన్నట్టు. వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

హోండురాస్‌లో బెర్తా కాసెరెస్ సంగతే చూడండి. లెంకా తెగ మనిషి. వాళ్లకు పవిత్రమైన గ్వాల్కార్కే నది మీద అగువా సార్కా డ్యామ్ కడతామంటే అడ్డం నిలబడింది. 2015లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఆమె ఫొటో వేసింది. ఏడాది తిరక్కముందే, 2016 మార్చి 2 రాత్రి, ఇంట్లోకి చొరబడి కాల్చి చంపారు. ఆమెకు ప్రాణహాని ఉందని, రక్షణ కల్పించమని అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ ఆ ప్రభుత్వానికి 2009లోనే చెప్పింది.

అంత పేరున్న మనిషినే కాపాడలేకపోతే, పేరు కూడా బయటికి రానివాళ్లకు దిక్కెవరు? అసలు ఎక్కడైనా ఏదైనా పనిచేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిద్రలేని_నాని
"పక్కకు తప్పుకుంటే పోయేది కదా" అనే మాట మా ఇంట్లోనూ వింటుంటా. గట్టి జవాబు నాకూ కావాలి.

లెక్కల_రాజు
గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ ఏటా ఈ లెక్క తీస్తుంది. 2012 నుంచి 2023 దాకా భూమిని, పర్యావరణాన్ని కాపాడుకోబోయి హత్యకు గురైనవాళ్లు 2,106 మంది. ఒక్క 2023లోనే 196. అందులో మూలవాసులు 85 మంది. ప్రపంచ జనాభాలో వాళ్లు నూటికి ఆరుగురే, చావుల్లో మాత్రం నూటికి 43. ఇవి బయటపడ్డవి మాత్రమే. విలేకరి వెళ్లలేని చోట జరిగినవి ఈ లెక్కలోకి రావు.

సిమెంట్_శీను
నేను ప్రాజెక్టుల వైపు పనిచేసినవాణ్ణి, తిట్టినా సరే చెప్తా. హత్యను ఎవరూ సమర్థించరు. కానీ మన ఫోను, రైలు పట్టాలు, కరెంటు తీగలు అన్నీ ఖనిజమే. ఆ ఖనిజం ఎక్కువగా ఉన్నది కొండల్లో, అడవుల్లో. ప్రతి గనినీ, ప్రతి డ్యామ్‌నీ హంతకుల ఖాతాలో వేస్తే ఎలా? ఆ 196లో కొలంబియావే 79. అక్కడ సాయుధ ముఠాలు, గంజాయి, కొకెయిన్ గొడవలు ఎన్నో. అన్నీ పరిశ్రమ మీదకు తోయొద్దు.

లెక్కల_రాజు
కొలంబియా విషయంలో మీరన్నది నిజమే, సాయుధ ముఠాల పాత్ర పెద్దదే. అందుకే ఆ నివేదిక కూడా పరిశ్రమతో సంబంధం తేలినవాటిని విడిగా చూపిస్తుంది. 2023లో అలా తేలినవాటిలో ఎక్కువ గనులకు సంబంధించినవే, 25. చాలా కేసుల్లో దర్యాప్తే సరిగ్గా జరగదు, ఇక సంబంధం ఎక్కడ తేలుతుంది?

మాలతి_ఎం
శీను గారూ, ఖనిజం అసలే తియ్యొద్దని ఇక్కడ ఎవరూ అనలేదు. అడిగి తీయమంటున్నారు. వద్దంటే ఆగమంటున్నారు. ఒడిశాలో నియమగిరి ఉంది కదా. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ నిర్ణయం గ్రామసభలకే వదిలేసింది. డోంగ్రియా కోందుల కొండ చుట్టూ 12 ఊళ్లలో సభలు పెట్టారు. 12కి 12 వద్దన్నాయి. దాంతో బాక్సైట్ గని ఆగిపోయింది. దేశమేమీ ఆగిపోలేదు.

పాతపేపర్
సుధ గారి ప్రశ్నకు వస్తాను. చాలాకాలం విలేకరిగా చేశాను. ఇలాంటి చోట్ల హత్య అన్నిటికంటే చివర్లో వస్తుంది. అది మొదలయ్యేది మాటతో. "బయటివాళ్లు రెచ్చగొడుతున్నారు", "అభివృద్ధి నిరోధకులు", "విదేశీ డబ్బు". ప్రెస్‌నోట్‌లో వచ్చిన ఈ మాటలే మర్నాడు పేపర్లో హెడ్డింగులు అవుతాయి.

ఆ తర్వాత కేసులు. అధికారి విధులకు ఆటంకం, రాస్తారోకో, అక్రమంగా గుమిగూడటం. ఎఫ్ఐఆర్‌లో పదిమంది పేర్లు రాసి చివర "మరికొందరు" అని పెడతారు. ఇక ఊళ్లో ఎవరిని పట్టుకెళ్లినా ఆ మరికొందరిలో ఒకరే. సంతకు వెళ్లాలన్నా భయం, జ్వరమొస్తే పట్నం ఆస్పత్రికి వెళ్లాలన్నా భయం. ఈలోపు ఊళ్లో కొందరు కుర్రాళ్లకు వాచ్‌మన్ ఉద్యోగాలు, ట్రాక్టర్ కాంట్రాక్టులు దొరుకుతాయి. అన్నదమ్ముల మధ్య మాటలుండవు. ఇంత జరిగాక ఒక రాత్రి ఎవరో చనిపోతే "పాత కక్షలు" అని రాయడం చాలా తేలిక.

బెర్తా విషయంలోనూ అదే చేశారు. మొదట్లో పోలీసులు దొంగతనం అన్నారు, సొంత గొడవలన్నారు. ఆమె సంస్థలోనే పనిచేసే మనిషిని పట్టుకెళ్లి కూర్చోబెట్టారు. ఆమె ఇంట్లో ఆ రాత్రి ఉన్న మెక్సికో కార్యకర్త గుస్తావో కాస్త్రోకు కూడా తూటా తగిలింది. చచ్చిపోయినట్టు పడి ఉండి బతికాడు. సాక్ష్యం చెప్పడానికి ఆయన లేకపోయి ఉంటే ఆ దొంగతనం కథే నిలబడేదేమో.

చివరికి 2018లో ఏడుగురిని కోర్టు దోషులుగా తేల్చింది. వాళ్లలో ఒకడు ఆ డ్యామ్ కంపెనీలో పర్యావరణం, స్థానిక ప్రజల వ్యవహారాలు చూసే మేనేజరు! నిరసనల వల్ల పనులు ఆలస్యమై నష్టం వస్తోందనే ఆమెను చంపించారని కోర్టు తేల్చింది. కంపెనీ అధ్యక్షుడు, ఒకప్పటి సైనిక ఇంటెలిజెన్స్ అధికారి డేవిడ్ కాస్తియోకు 2022లో 22 ఏళ్ల ఆరు నెలల శిక్ష వేశారు.

నిద్రలేని_నాని
ప్రజల వ్యవహారాలు చూసే మేనేజరే హత్యలో ఉన్నాడా? ఆ లైను మళ్లీ చదవాల్సి వచ్చింది.

కొండదారి
ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటా, ఇవాళ రాయకుండా ఉండలేకపోయా. మాది కొండమీది ఊరు. పేరు రాయను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

మా దగ్గర గని కోసం గ్రామసభ జరిగిందనీ, ఊరంతా ఒప్పుకుందనీ ఒక తీర్మానం బయటికొచ్చింది. ఆ తేదీన ఊళ్లో సభే జరగలేదు. వేలిముద్రల జాబితాలో మా పెదనాన్న పేరుంది. ఆయన అప్పటికే కాలం చేశారు. మా వదిన పేరు పక్కన కూడా వేలిముద్రే. ఆమె అంగన్‌వాడీలో రోజూ రిజిస్టర్ రాసి సంతకం పెట్టే మనిషి.

ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్లి అడిగినందుకు మా బాబాయి మీద విధులకు ఆటంకం కలిగించాడని కేసు. వాయిదా ఉన్న రోజు చీకటితోనే కొండ దిగాలి. జడ్జి గారు సెలవంటారు, ఇంకో తేదీ ఇస్తారు. నాట్ల రోజుల్లోనూ అంతే. ఆ ఏడాది చేను బీడు పడింది.

రాత్రిపూట ఒక బండి వచ్చి ఇంటి ముందు ఆగేది. లైట్లు తలుపు మీదకు వేసి, కాసేపు ఇంజన్ ఆపకుండా ఉంచి, వెళ్లిపోయేది. దిగి ఎవరూ ఏమీ అనరు. స్టేషన్‌కి వెళ్లి ఏమని చెప్పాలి, బండి వచ్చి ఆగిందనా? మా పిన్ని అప్పటినుంచి పిల్లల్ని తలుపు వైపు పడుకోనివ్వదు.

పరిహారం తీసుకోవచ్చు కదా అంటారు. పరిహారం పట్టా ఉన్నవాళ్ల పేరున వస్తుంది. మాకు పట్టా ఉన్నది చెక్క ముక్కంత చేను. మిగతాదంతా కొండ. తేనె, కట్టె, అడ్డాకులు, వాగు, మా పెద్దల్ని పెట్టిన రాళ్లు, అన్నీ అక్కడే. వాటికి ఏ రిజిస్టర్లోనూ రేటు లేదు.

సాయంత్రం_సుధ
కొండదారి గారూ, మీరు రాసినందుకు చాలా థాంక్స్. బండి లైట్ల సంగతి చదివాక కాసేపు ఇంకేమీ చదవలేకపోయా. మీ బాబాయి క్షేమమేనా?

కొండదారి
ఉన్నారండీ. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

మోడరేటర్_2
ఒక మనవి. ఈ థ్రెడ్‌లో ఊరి పేర్లు, కేసు నంబర్లు, ఫొటోలు పెట్టొద్దు. ఎవరినీ ఊరెక్కడని అడగొద్దు కూడా. అడిగిన ఒక పోస్టు తీసేశాను.

కోర్టుహాలు_4
కొండదారి గారు చెప్పింది చాలాచోట్ల జరిగేదే. చట్టం ఏం చెప్తోందో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మన దగ్గర కాగితం మీద రక్షణ తక్కువేం లేదు. 1997 సమతా తీర్పులో షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన అనంతగిరి మండలం నుంచి వెళ్లిందే. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. అటవీ భూమి మళ్లించాలంటే గ్రామసభల ఒప్పుకోలు చూపించాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. దొంగ తీర్మానాలు ఎందుకు పుడతాయో ఇక్కడే తెలుస్తుంది. ఒప్పుకోలు తప్పనిసరి చేశారు, అది నిజమో కాదో ఊరికెళ్లి చూసేవాళ్లను మాత్రం పెట్టలేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీల భూమి అన్యాయంగా లాక్కోవడం, అటవీ హక్కులు అనుభవించకుండా అడ్డుపడటం అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015 సవరణలో అటవీ హక్కుల మాట స్పష్టంగా చేర్చారు. ఊరివాళ్ల మీద కేసు పెట్టిన పోలీసులే ఈ సెక్షన్ కింద ఫిర్యాదు తీసుకోవాలి, చిక్కంతా అక్కడుంది.

నిద్రలేని_నాని
లాయర్ గారి పోస్టు పూర్తయ్యేలోపు నా ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చింది 😀 కానీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా, మా అన్నకు పంపిస్తా.

సిమెంట్_శీను
కొండదారి గారి ఇంట్లో జరిగింది దారుణం, దాని మీద వాదన లేదు. దొంగ తీర్మానం రాసినవాణ్ణి జైల్లో పెట్టాలి. కానీ రెండో వైపు కూడా చూడండి. పెరూలో బాగువా దగ్గర 2009 జూన్ 5న 33 మంది చనిపోయారు. అందులో 23 మంది పోలీసులు. వాళ్లూ ఎవరి బిడ్డలో కదా? ఒడిశాలోని కళింగనగర్‌లోనూ ఒక కానిస్టేబుల్‌ను చంపేశారు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

మాలతి_ఎం
మాట్లాడదాం. ఆ 23 మంది చావు ఘోరమే, అందులో రెండో మాట లేదు. కానీ అక్కడిదాకా ఎందుకొచ్చింది? అమెజాన్ భూముల్ని చమురుకీ గనులకీ తెరిచే డిక్రీలు, అంటే ప్రభుత్వ ఉత్తర్వులు, తెచ్చేటప్పుడు అక్కడి అవహున్, వాంపిస్ తెగల జనాన్ని అడగలేదు. వాళ్లు వారాల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. మాట్లాడి తేల్చకుండా పోలీసుల్ని పంపి ఖాళీ చేయించబోయారు. 33 మంది పోయాక, రెండు వారాల్లో రెండు డిక్రీలను పార్లమెంటే రద్దు చేసింది. 2011లో ముందస్తు సంప్రదింపుల చట్టం తెచ్చారు. అదే పని ముందు చేసి ఉంటే ఆ పోలీసులు కూడా ఇంటికి వెళ్లేవాళ్లు. వాళ్లను అక్కడికి పంపినవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇది.

పాతపేపర్
కళింగనగర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: 2006 జనవరి 2. ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ గోడ పని మొదలుపెట్టారు, ఆదివాసీలు అడ్డుకున్నారు, కాల్పుల్లో 13 మంది ఆదివాసీలు చనిపోయారు. పోలీసు చావు కూడా నిజమే. కానీ శవపరీక్ష అయ్యాక ఇళ్లకు తిరిగొచ్చిన శవాల్లో కొన్నిటికి అరచేతులు లేవు. వేలిముద్రల కోసం కోశామన్నారు. డాక్టర్లను సస్పెండ్ చేశారు. అక్కడ ఏటా జనవరి 2న జనం గుమిగూడతారు. అంతకుముందు, 2000 డిసెంబర్‌లో, అదే రాష్ట్రంలో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైట్ ప్రాజెక్టును వద్దన్న ముగ్గురు ఆదివాసీలు పోలీసు కాల్పుల్లో పోయారు. శీను గారూ, రెండు వైపులా ప్రాణాలే, ఒప్పుకుంటా. ఎవరి చేతిలో తుపాకీ ఉంది, ఎవరి ఊరు పోతోంది అన్న లెక్క మాత్రం రెండు వైపులా సమానంగా లేదు.

సిమెంట్_శీను
సమానమని నేనూ అనలేదు. సర్వే రోజుల్లో నేను చూసింది చెప్తా. మేం హద్దురాళ్లు పాతడానికి వెళ్తే ఆడవాళ్లు వచ్చి ఆ గుంతల్లోనే కూర్చున్నారు. గుంతకొకరు. ఒక ముసలావిడ మా కుర్రాడికి మంచినీళ్లు కూడా ఇచ్చింది, గుంతలోంచి మాత్రం లేవలేదు. పని ఆగిన ప్రతి రోజుకూ యంత్రాల అద్దె, బ్యాంకు వడ్డీ పెరుగుతాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. "ఎలాగోలా తేల్చండి" అంటారు. ఎలా అన్నది ఎవరూ చెప్పరు, కాగితం మీద అస్సలు పెట్టరు. కింద కాంట్రాక్టరు దానికి తన అర్థం తాను తీసుకుంటాడు. నా వాదన ఇప్పటికీ అదే, గనులు కావాలి. కానీ అప్పు తెచ్చేముందే ఊరి మాట తేలాలి. అప్పు తెచ్చాక అడిగితే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

పాతపేపర్
ఈ థ్రెడ్‌లో చాలా విలువైన పోస్టు ఇది శీను గారూ. "ఎలాగోలా" అన్న ఫోను బయటివాళ్లకు వినపడదు.

చలిదేశం
అమెరికాలో చంపకుండానే నోరు నొక్కుతారు. స్టాండింగ్ రాక్ సూ తెగవాళ్లు 2016లో చమురు పైపులైను తమ నీటి కిందనుంచి వెళ్లొద్దన్నారు. మొదట ప్రైవేటు సెక్యూరిటీవాళ్లు కుక్కల్ని వదిలారు. నవంబర్ 20 రాత్రి గడ్డకట్టే చలిలో జనం మీద పోలీసులు నీళ్లు కొట్టారు. అయిపోయిందనుకుంటే, మద్దతిచ్చిన పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ మీద కంపెనీ దావా వేసింది. 2025 మార్చిలో జ్యూరీ 66 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. తర్వాత జడ్జి దాన్ని దాదాపు సగానికి తగ్గించారు, అయినా ఏ సంస్థ తట్టుకుంటుంది? రేపు ఇంకో ఊరికి తోడు వెళ్లాలంటే ఎవరైనా పదిసార్లు ఆలోచిస్తారు.

లెక్కల_రాజు
బహుమతి కాపాడదు అనడానికి ఇంకో ఉదాహరణ. మెక్సికోలో తారాహుమారా తెగ ఇసిద్రో బాల్దెనెగ్రో. అడవి నరికివేతకు అడ్డుపడ్డందుకు ఆయన తండ్రిని 1986లో చంపారు. కొడుకు అదే పని కొనసాగించాడు. దొంగ కేసులో జైలుకెళ్లాడు, 2005లో గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది, 2017 జనవరిలో ఆయన్నీ కాల్చేశారు. నైజీరియాలో ఒగోనీ జనం కోసం మాట్లాడిన కెన్ సారో వివాకు ఆ బహుమతి వచ్చిందీ, ఉరి తీసిందీ ఒకే ఏడాది, 1995.

సాయంత్రం_సుధ
ఇవన్నీ చదువుతుంటే గుండె బరువెక్కుతోంది. నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. ఏది పనిచేసింది? నియమగిరి కాకుండా ఇంకేమైనా?

కోర్టుహాలు_4
ఈక్వడార్‌లో సరయాకు. కిచ్వా జనం ఉండే అడవి. చమురు అన్వేషణ కోసం వాళ్ల నేలలో దాదాపు 1,400 కిలోల పేలుడు పదార్థం పాతేశారు. ఆ ఊరు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2012లో గెలిచింది. వాళ్లను అడగకుండా అనుమతివ్వడం తప్పని కోర్టు చెప్పింది. ఉద్యమకారుల రక్షణను నేరుగా రాసిన ఒప్పందం లాటిన్ అమెరికాలోనే వచ్చింది, ఎస్కాసు ఒప్పందం, 2021 నుంచి అమల్లో ఉంది. మన దేశం అక్కడికి చెందదు సరే, మూలవాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో చేసిన 169వ ఒడంబడికనైనా ఇప్పటికీ ఆమోదించలేదు.

పాతపేపర్
నా అనుభవంలో ఎక్కువసార్లు పనిచేసింది డబ్బు దారి మూయడం. ఫిలిప్పీన్స్‌లో చీకో నది డ్యామ్‌లు ప్రపంచ బ్యాంకు అప్పుతో కట్టాలనుకున్నారు. అక్కడి కళింగ తెగ పెద్ద మాక్లీ ఇంగ్ దులాగ్ వద్దన్నాడు. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన ఇంటి మీద కాల్పులు జరిపి చంపారు. చంపితే ఆగుతుందనుకున్నారు, కొండలన్నీ ఏకమయ్యాయి. బ్యాంకు తప్పుకుంది, డ్యామ్‌లు ఆగాయి. అగువా సార్కాలోనూ అంతే. నెదర్లాండ్స్, ఫిన్లాండ్ అభివృద్ధి బ్యాంకులు 2017లో బయటికెళ్లిపోయాయి, పని నిలిచిపోయింది. కాకపోతే రెండు చోట్లా మనిషి చనిపోయాకే కదిలారు. 2013లోనే ఆ డ్యామ్ దగ్గర తోమస్ గార్సియా అనే లెంకా నాయకుణ్ణి సైనికుడు కాల్చి చంపాడు. అప్పుడే ఆ బ్యాంకులు ఫైలు మూసి ఉంటే బెర్తా బతికేది.

మాలతి_ఎం
ఒక్కరే నాయకుడు కనిపించకుండా చూసుకోవడం కూడా ముఖ్యం అనిపిస్తుంది. 12 గ్రామసభల్లో అందరూ లేచి మాట్లాడితే ఎంతమందిని బెదిరిస్తారు? ఇంకోటి, పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ వలంటీర్లు కొలంబియాలో బెదిరింపులున్నవాళ్ల పక్కన ఆయుధం లేకుండా తోడుంటారు. చంపడానికి వచ్చేవాడికి విదేశీ సాక్షి ఉన్నాడని తెలిస్తే వెనక్కి తగ్గే అవకాశం ఎక్కువ.

కొండదారి
మేం ఇప్పుడు అదే చేస్తున్నాం. ఆఫీసుకు ఎవరూ ఒక్కరే వెళ్లరు. ఏ కాగితం వచ్చినా ఊరి మధ్యలో పైకి చదివిస్తాం, ఫొటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచుతాం. లాయర్ గారూ, ఒక సందేహం. ఆ తీర్మానం అసలు కాపీ మాకు ఇవ్వట్లేదు. ఫొటో మాత్రమే ఉంది. ఏం చేయాలి?

కోర్టుహాలు_4
సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తీర్మానం, హాజరు జాబితా, ఆ సభ నోటీసు, మూడింటి ధ్రువీకరించిన కాపీలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పెదనాన్న గారి మరణ ధ్రువీకరణ పత్రం తీసి పెట్టుకోండి, ఆ తేదీ ఒక్కటే చాలా బలమైన సాక్ష్యం. మీ వదిన గారి సంతకమున్న అంగన్‌వాడీ రిజిస్టర్ పేజీ కూడా. ఈలోపు ఊరంతా నిజంగా గ్రామసభ పెట్టుకుని, పాత తీర్మానం తాము చేయలేదని రాసి, కలెక్టర్‌కూ జాతీయ ఎస్టీ కమిషన్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బండి వచ్చిన రాత్రులు కూడా తేదీలతో రాసిపెట్టండి.

కొండదారి
దరఖాస్తు మా బాబాయి పేరుతో పెట్టొచ్చా? కేసుంది కదా అని టెన్షన్.

కోర్టుహాలు_4
పెట్టొచ్చు, కేసు అడ్డు కాదు. కానీ ఆయన ఒక్కరి పేరుతో వద్దు. అవే ప్రశ్నలతో పదిమంది పది దరఖాస్తులు పెట్టండి, వేరే వేరే రోజుల్లో. నమూనా రాసి మీకు మెసేజ్ చేస్తా.

సిమెంట్_శీను
పబ్లిక్ హియరింగ్ అయిందా మీ దగ్గర? దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఆ నివేదికలో ఊరి జనాభా, నీటి వనరుల పేజీలు ముందు చూడండి. ఉన్న వాగును లేదని రాసిన నివేదికలు నేను చూశాను. కాపీ దొరికితే ఇక్కడ కాదు, నాకు విడిగా పంపండి, మ్యాపులు చదివి పెడతా.

కొండదారి
అవలేదు శీను గారూ, త్వరలో పెడతారని అంటున్నారు. నివేదిక దొరగ్గానే పంపిస్తా. మ్యాపులు చదవడం మాలో ఎవరికీ రాదు.